ఆ 5 వోల్టులు ఎవరి కోసం, తమ్ముడూ?

ప్రశ్న: అన్నా, మాది నల్లగొండ జిల్లాలో చిన్న పల్లె. ఈసీఈ డిప్లొమా చేశాను. మా బోరుకు 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు ఉంది. నాన్నకు మోకాళ్ల నొప్పులు. రాత్రిపూట చేను దాకా నడిచి మోటారు వేయడం కష్టమవుతోందని, ఫోన్‌తో ఆన్, ఆఫ్ అయ్యే డబ్బా చేసిస్తానని మాటిచ్చాను. బజార్లో అలాంటివి దొరుకుతాయని తెలుసు, కానీ నా చేత్తో చేయాలని కోరిక. పునాది గట్టిగా ఉండాలి కదా అని మొదట పవర్ సప్లై పట్టుకున్నాను. 230 నుంచి 12 వోల్టులకు 500 మిల్లీఆంప్ ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే బ్రిడ్జ్, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, 5 వోల్టులు నిలకడగా ఇచ్చే 7805 రెగ్యులేటర్. మూడు నెలలు కూర్చుని రిపుల్‌ను (డీసీలో మిగిలిపోయే అలను) 2 మిల్లీవోల్టులకు తెచ్చాను, పీసీబీ (సర్క్యూట్ బోర్డు) కూడా చేయించాను. ఇప్పుడు సిమ్ వేసుకుని ఫోన్‌లా పనిచేసే సిమ్800ఎల్ మాడ్యూల్ తగిలించాను. దానికి 5 వోల్టులు ఎక్కువని మధ్యలో ఒక డయోడ్ పెట్టాను. నెట్‌వర్క్ వెతికినప్పుడల్లా రీసెట్ అవుతోంది. 7805 చెయ్యి కాలేలా వేడెక్కుతోంది. కరెంట్ కొలిచే సర్క్యూట్, రిలేలు, డిస్‌ప్లే ఇంకా మొదలే పెట్టలేదు. మొత్తం పారేసి మళ్లీ మొదటి నుంచి చెయ్యమంటున్నాడు ఫ్రెండ్. నాకేమో ఒక్కో భాగం పక్కాగా చేసుకుంటూ పోతే చివరికి అంతా పక్కాగా వస్తుందని నమ్మకం. ఎవరిది కరెక్ట్? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

తమ్ముడూ, ఉత్తరం రెండుసార్లు చదివాను. ట్రాన్స్‌ఫార్మర్ రేటింగ్ రాశావు, కెపాసిటర్ విలువ రాశావు, రిపుల్ ఎంతో రాశావు. ఆ సప్లై నుంచి వచ్చే 5 వోల్టులు ఎవరికి కావాలో మాత్రం ఎక్కడా రాయలేదు. మాడ్యూల్‌కు 5 వద్దు, అందుకే డయోడ్ పెట్టుకున్నావు. రిలే ఇంకా కొనలేదు. ప్రోగ్రామ్ నడిపే కంట్రోలర్ చిప్ ఏది వాడుతున్నావో చెప్పలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం. తినేవాళ్లెవరో తెలియకముందే మూడు నెలలు వంట చేశావు.

మీ ఫ్రెండ్ చెప్పింది కూడా నాకు నచ్చలేదు. అందులో పారేయాల్సింది చాలా తక్కువ. అయితే ఏది పారేయాలో తెలియాలన్నా ముందు మొత్తం డబ్బాను ఒక కాగితం మీద చూసుకోవాలి. టంకం పక్కన పెట్టు. నీతో కలిసి ఆ కాగితం నేను గీస్తాను, నువ్వు వెనకాలే రా.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? నువ్వు కరెంటు లోపలికి వచ్చే చోటు నుంచి మొదలుపెట్టావు. నేనైతే రెండు చివరల నుంచి మొదలుపెడతాను. ఒక చివర మంచం మీద కూర్చుని ఫోన్ పట్టుకున్న మీ నాన్న. రెండో చివర చేనులో ఇనుప స్టార్టర్ డబ్బా. మధ్యలో ఉన్నదంతా ఈ ఇద్దరికీ సరిపడాలి, అంతే.

స్టార్టర్ డబ్బా సంగతే ముందు చూద్దాం. అందులోకి ఎన్ని తీగలు వస్తున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టావా? మన వైపు చాలా బోర్ల దగ్గర మూడు ఫేజులే వస్తాయి, న్యూట్రల్ రాదు. మోటారుకు న్యూట్రల్‌తో పని లేదు, స్టార్టర్‌లో కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్ కూడా రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల మీద నడుస్తుంది. అందుకని నాలుగో తీగ ఎవరూ లాగరు. మీ చేనులోనూ అంతే అయితే, నీ 230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌ను తగిలించడానికి అక్కడ చోటే లేదు. ఇంట్లో బల్ల మీద ప్లగ్గులో పెట్టి మూడు నెలలు పరీక్షించావు. చేనులో ఆ ప్లగ్గు ఉండదు.

ఇక్కడ కొందరు ఒక పని చేస్తారు, నువ్వు చెయ్యకు. ఎర్త్ రాడ్‌నే న్యూట్రల్ అనుకుని ఒక ఫేజు, ఒక ఎర్త్ మధ్య తగిలిస్తారు. ఎండాకాలం నేల ఎండిపోయి ఎర్త్ సరిగా పట్టనప్పుడు ఆ తీగకు, దాంతో పాటు డబ్బా బాడీకి కరెంటు వస్తుంది. తడి కాళ్లతో మీ నాన్న ముట్టుకునేది ఆ డబ్బానే.

సరే, న్యూట్రల్ లేదనుకుందాం. అప్పుడు రిలే సంగతి కూడా మారిపోతుంది. నువ్వు కొనబోయేది నల్లటి షుగర్ క్యూబ్ రిలే అయ్యుంటుంది. దాని మీద ఏముందో చదువు, 250 వోల్ట్ ఏసీ అని ఉంటుంది. 415 వోల్టుల కాయిల్‌ను తెంపడానికి అది తయారు కాలేదు. నాలుగు రోజులు పనిచేస్తుంది, ఆ తర్వాత కాంటాక్టులు అతుక్కుపోతాయి. ఆన్ రిలే అతుక్కుంటే ఫోన్‌లో ఎన్నిసార్లు ఆఫ్ కొట్టినా మోటారు ఆగదు.

చూశావా? తీగలు లెక్కపెట్టడం అన్న ఒక్క చిన్న పనితో సప్లైకి ఒక చిక్కు, రిలేకు ఒక చిక్కు బయటపడ్డాయి. ఈ రెండూ విడివిడిగా చూస్తే విడివిడి ఖర్చులే. సప్లై కోసం 440 వోల్టుల ప్రైమరీ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కొత్తగా కొనాలి, రిలే కోసం ఎక్కువ వోల్టుల కాంటాక్టులున్న ఖరీదైనది వెతకాలి. రెండింటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఒకే మందు కనిపిస్తుంది. 415 నుంచి 230కి దించే కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టు. కాంటాక్టర్‌లో 415 కాయిల్ తీసేసి 230 కాయిల్ వేయించు, చాలా కాంటాక్టర్లకు కాయిల్ విడిగా దొరుకుతుంది. ఇప్పుడు షుగర్ క్యూబ్ రిలే సరిపోతుంది, నీ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పనికొస్తుంది. కొనేటప్పుడు ఆ కాంటాక్టర్ డేటాషీట్ మాత్రం చూడు. కాయిల్ పట్టే క్షణంలో లాగే వీఏ (వోల్ట్ ఆంపియర్లు), పట్టాక లాగే వీఏ కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. దాన్ని బట్టి ట్రాన్స్‌ఫార్మర్ సైజు తీసుకోవాలి.

కాంటాక్టర్ కాయిల్‌కు సమాంతరంగా 100 ఓమ్ రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసగా కలిపి స్నబ్బర్ పెట్టు. కాయిల్ వదిలినప్పుడు పుట్టే స్పైక్ నీ కంట్రోలర్‌ను తికమక పెట్టకుండా ఉంటుంది. ఆ కెపాసిటర్ మెయిన్స్‌కు తగిన ఎక్స్2 రకం కావాలి, ఏదో ఒకటి పెట్టొద్దు.

ఇప్పుడు రెండో చివరకు వద్దాం. మీ నాన్న ఫోన్, చేనులో సిమ్. సిమ్800ఎల్ 2జీ మాడ్యూల్. జియోకు 2జీ లేదు. ఇంట్లో అందరివీ జియో సిమ్‌లే అయితే ఆ మాడ్యూల్‌లో ఒక్కటీ పనిచేయదు. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్‌లో మీ బోరు దగ్గర ఏది అందుతుందో చూడాలి. దీనికి సర్క్యూట్ అక్కర్లేదు, పాత కీప్యాడ్ ఫోన్ చాలు. సిమ్ వేసి స్టార్టర్ డబ్బా దగ్గర నిలబడు, నాన్నకు ఫోన్ చెయ్యి. తర్వాత అదే ఫోన్‌ను ఇనుప డబ్బా లోపల పెట్టి తలుపు మూసి, బయటి నుంచి దానికి కాల్ చెయ్యి. చాలాసార్లు మోగదు. అప్పుడు అర్థమవుతుంది యాంటెన్నా డబ్బా బయట ఉండాలని, దాని వైరుకు డబ్బాలో రంధ్రం కావాలని. మొదటి రోజే చేయాల్సిన పరీక్ష ఇది. సిగ్నలే లేకపోతే 2 మిల్లీవోల్టుల రిపుల్‌తో ఏం చేసుకుంటాం?

2జీ బదులు 4జీ మాడ్యూల్ వైపు వెళ్దామనిపిస్తే అది కూడా ఇప్పుడే తేల్చుకో. వాటిలో చాలావాటి పిన్నులు 1.8 వోల్టుల మీద నడుస్తాయి. కంట్రోలర్‌తో కలిపే పద్ధతి మారిపోతుంది. ఈ ఉత్తరానికి సిమ్800ఎల్ అనుకునే ముందుకు పోదాం.

ఇప్పుడు మధ్యలోకి వద్దాం, అంటే నీ రీసెట్‌ల దగ్గరికి. సిమ్800ఎల్‌కు కావాల్సింది 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య, 4.0 అయితే హాయిగా ఉంటుంది. అది ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు కరెంటును ధారగా తాగదు, గుటకలుగా తాగుతుంది. ప్రతి 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి, 0.577 మిల్లీసెకన్ల పాటు, 2 ఆంపియర్ల దాకా. నెట్‌వర్క్ వెతికే సమయంలో పూర్తి బలంతో లాగుతుంది, నీకు రీసెట్ అవుతున్నది సరిగ్గా అప్పుడే.

ఆ ఒక్క గుటక లెక్క వెయ్యి. సప్లై నుంచి ఏమీ రాలేదనుకుని, మాడ్యూల్ పక్కన ఒక 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే అదే మొత్తం ఇచ్చిందనుకుందాం. 2 ఆంపియర్లను 0.577 మిల్లీసెకన్లతో గుణించి 1000 మైక్రోఫారడ్లతో భాగిస్తే 1.15 వోల్టులు పడిపోతాయి. నీ దగ్గర ఉన్న అవకాశం ఎంత? 4.0 నుంచి 3.4 దాకా, అంటే 0.6 వోల్ట్. అంటే కెపాసిటర్ ఒక్కటే ఆదుకోలేదు, వెనకాల ఉన్న రెగ్యులేటర్ కూడా ఆ 2 ఆంపియర్లలో పెద్ద వాటా ఇవ్వాలి. నీ 7805 రేటింగ్ 1 ఆంపియర్. పైగా దాని తర్వాత డయోడ్, డయోడ్ తర్వాత బ్రెడ్‌బోర్డ్ జంపర్ వైర్లు. ఆ వైర్లు, కాంటాక్టులు అన్నీ కలిసి 0.2 ఓమ్ ఉన్నాయనుకో, 2 ఆంపియర్ల దగ్గర అక్కడే 0.4 వోల్ట్ పోయింది. 1ఎన్4007 డయోడ్ మామూలుగా 0.7 పోగొడుతుంది కదా, 2 ఆంపియర్ల దగ్గర ఇంకా ఎక్కువ. 5లోంచి ఇవన్నీ తీసేస్తే 3.4 కిందికి జారడానికి ఎంతసేపు? మల్టీమీటర్ ఇదేదీ చూపించదు. అది సగటు చూసి 4.2 అంటుంది, నువ్వు మాడ్యూల్ పాడైందేమో అనుకుంటావు.

ఆ 2 మిల్లీవోల్టుల రిపుల్ ఎంత లోడ్ మీద కొలిచావో కూడా రాయలేదు. అవుట్‌పుట్‌కు ఒక్క ఎల్ఈడీ తగిలించి కొలిచి ఉంటే, 7805 ఎవరు చేసినా దాదాపు అంతే వస్తుంది. నీ మూడు నెలల కష్టాన్ని తక్కువ చేస్తున్నానని అనుకోకు. నేనూ ఈ తప్పు చేశాను, ఇంకా దారుణంగా. ఒకప్పుడు ఒక కంపెనీ కోసం కొలత పరికరం చేస్తూ బోర్డును అందంగా, తీగ తీగ లెక్కపెట్టి గీశాను. డబ్బా ఏదో ఒకటి దొరుకుతుందిలే అనుకున్నా. చివర్లో కోఠి గుజరాతీ గల్లీలో గంటలు గంటలు తిరిగినా ఆ బోర్డు పట్టే డబ్బా దొరకలేదు. ఒక మూల అర అంగుళం కోసుకుందామంటే అక్కడే నా ముద్దుల యాంప్లిఫయర్. బోర్డు మొత్తం మళ్లీ గీయాల్సి వచ్చింది. అప్పటి నుంచి డబ్బా కొని బల్ల మీద పెట్టుకున్నాకే బోర్డు గీస్తాను.

వేడి సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే 12 వోల్టుల ఏసీ డీసీగా మారాక కెపాసిటర్ మీద సగటున 14 వోల్టులు ఉన్నాయనుకుందాం. అవుట్‌పుట్ 5. మధ్యలో 9 వోల్టులు 7805లో వేడిగా పోతాయి. మాడ్యూల్ కాల్‌లో ఉన్నప్పుడు సగటున 300 మిల్లీఆంప్‌లు లాగితే 2.7 వాట్లు. హీట్ సింక్ లేని 7805కు వాటుకు 60 డిగ్రీల చొప్పున పెరుగుతుందని లెక్క వేసుకో, 160 డిగ్రీల పైనే. అంతకంటే ముందే అది తనను తాను ఆపేసుకుంటుంది. ఇది నీ ఇంట్లో, ఫ్యాను కింద. మే నెలలో నల్లగొండ ఎండలో ఇనుప డబ్బా లోపల ఎలా ఉంటుందో నీకే బాగా తెలుసు.

ఇంకొకటి ఉంది, ఇది చాలామందికి తెలియదు. 500 మిల్లీఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ అంటే బ్రిడ్జ్, కెపాసిటర్ తర్వాత నీకు 500 డీసీ రాదు. కెపాసిటర్ శిఖరాల దగ్గరే గబగబా నింపుకుంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కకుండా ఉండాలంటే దాదాపు 280, 300 దగ్గర ఆగాలి. 7805 లాంటి లీనియర్ రెగ్యులేటర్‌లో బయటికి ఎంత ఇస్తే లోపలికి అంతే లాగాలి. అంటే మాడ్యూల్ ఒక్కటే నీ ట్రాన్స్‌ఫార్మర్ మొత్తాన్ని తినేస్తోంది.

ఇప్పుడు 7805 స్థానంలో, ఎక్కువైన వోల్టులను వేడిగా పారేయకుండా దించే బక్ కన్వర్టర్ పెట్టి చూడు, ఎల్ఎం2596 మాడ్యూల్ ఏ షాపులోనైనా దొరుకుతుంది. 4 వోల్టులకు సెట్ చెయ్యి. సగటున 350 మిల్లీఆంప్‌లు లాగినా 1.4 వాట్లు. నష్టాలు కలుపుకుని 1.8 వాట్లు అనుకో. 14 వోల్టుల వైపు నుంచి చూస్తే 130 మిల్లీఆంప్‌లే. అదే ట్రాన్స్‌ఫార్మర్, అదే బ్రిడ్జ్, అదే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఏదీ మార్చక్కర్లేదు. 2 ఆంపియర్ల గుటక వచ్చిన క్షణంలో కూడా 14 వోల్టుల వైపు 0.7 ఆంపియరే కనిపిస్తుంది, నీ కెపాసిటర్ మీద 0.4 వోల్ట్ జారుతుంది, మళ్లీ లేస్తుంది. మాడ్యూల్ పిన్నులకు ఆనుకుని తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) ఉన్న 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఇంకొకటి పెట్టు, వైర్లు పొట్టిగా, లావుగా వెయ్యి.

మరి కంట్రోలర్‌కు 5 వోల్టులు వద్దా అంటావు. నువ్వు వాడేది ఏటీమెగా 328పీ అనుకుంటున్నాను, డిప్లొమా పిల్లలందరి చేతిలో ఉండేది అదే. అది 4 వోల్టుల మీద 8 మెగాహెర్ట్జ్ దగ్గర నిక్షేపంగా నడుస్తుంది. నడవడమే కాదు, 4 దగ్గరే నడవాలి. ఎందుకంటే మాడ్యూల్ పిన్ను డిజిటల్ ‘1’ అని చెప్పాలంటే 2.8 వోల్టులు పంపుతుంది. కంట్రోలర్ తన సప్లైలో 60 శాతం దాటితేనే దాన్ని ‘1’ అని కచ్చితంగా ఒప్పుకుంటుంది. 5 వోల్టుల మీద ఉంటే 3.0 కావాలి, 2.8 చాలదు. బల్ల మీద పనిచేసినట్టే ఉంటుంది, చేనులో ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు చేయదు. అలాంటి జబ్బు పట్టుకోవడం దేవుడి తరం కూడా కాదు. 4 వోల్టుల మీద ఉంటే 2.4 చాలు. అటు నుంచి మాడ్యూల్‌కు వెళ్లే తీగలో మాత్రం రెండు రెసిస్టర్లు పెట్టి 4ను 2.8కి దించు.

రిలేలు 12 వోల్టులవి తీసుకో, 400 ఓమ్ కాయిల్, 30 మిల్లీఆంప్‌లు. యూఎల్ఎన్2003 డ్రైవర్ ఐసీ ద్వారా కెపాసిటర్ దగ్గరి నుంచి నేరుగా నడుపు. డిస్‌ప్లే తీసెయ్. ఊళ్లో ఉన్న మీ నాన్నకు చేనులోని ఎల్‌సీడీ కనిపించదు, ఆయన చూసేది ఫోన్ మెసేజ్. చేనుకు వెళ్లినప్పుడు చూడటానికి మూడు రంగుల ఎల్ఈడీలు చాలు.

ఇప్పుడు కాగితం చూడు. 12 వోల్టుల వైపు రిలేలు. 4 వోల్టుల మీద మాడ్యూల్, కంట్రోలర్. 5 వోల్టులు అడిగేవాళ్లు ఒక్కరూ లేరు. మూడు నెలలు చెక్కింది ఎవరికీ అక్కర్లేని తలుపు. మేస్త్రీ ముగ్గు పోయకముందే వడ్రంగి దర్వాజా చెక్కితే ఇంతే, ఎంత నగిషీ ఉన్నా ఆ కొలతకు గోడ ఉండదు.

కరెంట్ కొలిచే సర్క్యూట్ ఇంకా మొదలుపెట్టలేదన్నావు, మంచిదైంది. లేకపోతే ఎల్ఎం358తో యాంప్లిఫయర్ కట్టి ఇంకో రెండు నెలలు దాని ఆఫ్‌సెట్ సరిచేస్తూ కూర్చునేవాడివి. మీ నాన్నకు కావాల్సింది మూడు కబుర్లే: మోటారు నడుస్తోంది, బోరులో నీళ్లు అయిపోయాయి, మోటారు మీద బరువు ఎక్కువైంది. 5 హెచ్‌పీ మోటారు నిండు లోడ్ మీద దాదాపు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది. నీళ్లు అయిపోతే బాగా పడిపోతుంది. ఎంతకు పడుతుందో మీ మోటారు దగ్గరే క్లాంప్ మీటర్‌తో చూసుకో, ఒక్కో బోరుకు ఒక్కోలా ఉంటుంది. అంత పెద్ద తేడా పట్టుకోవడానికి మిల్లీఆంపియర్ల నైపుణ్యం ఎందుకు?

లెక్క చూద్దాం. 1000కి 1 నిష్పత్తి ఉన్న చిన్న సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) ఒక ఫేజు మీద వేస్తే 7.5 ఆంపియర్లకు 7.5 మిల్లీఆంప్‌లు ఇస్తుంది. దానికి అడ్డంగా 33 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే శిఖరం దగ్గర 0.35 వోల్ట్. కంట్రోలర్ లోపలే ఉన్న 1.1 వోల్టుల రిఫరెన్స్ వాడుకో, సిగ్నల్‌ను దాని మధ్యలో 0.55 మీద కూర్చోబెట్టు. 11 ఆంపియర్ల దాకా కత్తిరింపు లేకుండా పడుతుంది. వోల్టులను అంకెలుగా మార్చే 10 బిట్ ఏడీసీలో ఒక మెట్టు దాదాపు 32 మిల్లీఆంపియర్లకు సమానం. యాంప్లిఫయర్ అసలు అక్కర్లేదు. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు ఆరేడు రెట్లు లాగుతుంది కాబట్టి పిన్ను ముందు ఒక రెసిస్టర్, రెండు క్లాంప్ డయోడ్లు పెట్టు, ఆ రెండు మూడు సెకన్లు కొలత పట్టించుకోవద్దని ప్రోగ్రామ్‌లో రాసుకో. సప్లైనే రిఫరెన్స్‌గా వాడితే మాడ్యూల్ గుటక వేసినప్పుడల్లా కొలత ఊగుతుంది. 1.1 ఎందుకన్నానో ఇప్పుడు తెలిసింది కదా. ఇది కూడా సీటీ సర్క్యూట్‌ను ఒంటరిగా చూస్తే తట్టే సంగతి కాదు.

ఒక పక్క మాట. ఒక భాగాన్ని ముందే పట్టుకుని చెక్కడం ఎప్పుడూ తప్పేనని నేను అనను. రేడియో రిసీవర్ చేస్తున్నావనుకో, మొదటి యాంప్లిఫయర్ దగ్గర చేరిన నాయిస్ చివరిదాకా వెంట వస్తుంది, తర్వాతి దశల్లోది పెద్దగా లెక్కలోకి రాదు. బెల్ ల్యాబ్స్‌లో హరాల్డ్ ఫ్రిస్ 1944లోనే దానికి సూత్రం ఇచ్చాడు. అలాంటి చోట మొదటి దశ మీద మూడు నెలలు పెట్టొచ్చు. కానీ అక్కడ కూడా చెక్కాల్సింది మొదటి దశేనని చెప్పింది మొత్తం వరసను ఒకేసారి చూసిన సూత్రమే. నీ డబ్బాలో అలాంటి స్థానం ఉన్నది సప్లై రిపుల్‌కు కాదు, 4 వోల్టుల తీగ మీద గుటకకు.

ఇక కాగితం మీద తీగలు గీశాక నేను ప్రతి తీగ పక్కన రాసుకునేవి చెబుతాను. ఎన్ని వోల్టులు, సగటున ఎంత కరెంటు, గరిష్ఠంగా ఎంత, ఎంతసేపు. ఇవి అందరూ రాస్తారు. అందరూ మర్చిపోయేది ఒకటుంది: కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు ఆ తీగ ఏ స్థితిలో ఉంటుంది? నీ డబ్బాకు ఇదే ప్రాణం. మీ నాన్న బోరు దగ్గర పైపు విప్పుతూ ఉంటాడు, కరెంటు వస్తుంది, మోటారు దానంతటదే తిరిగితే? పైగా ఊళ్లో అన్ని మోటార్లూ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత బరువు పడుతుందో నువ్వు చూసే ఉంటావు.

అందుకని రిలేలను ఇలా వెయ్యి. ఒక రిలేను స్టార్టర్ మీది పచ్చ బటన్‌కు సమాంతరంగా, సెకను పాటు నొక్కి వదిలేలా. రెండో రిలే మామూలుగా మూసి ఉండే కాంటాక్టును ఎర్ర బటన్‌కు వరసలో, ఆఫ్ అన్నప్పుడు సెకను పాటు తెరిచేలా. కాంటాక్టర్‌ను పట్టి ఉంచే పని ఎప్పటిలాగే దాని సొంత కాంటాక్టుదే. కరెంటు పోతే పట్టు వదులుతుంది, వస్తే దానంతటది పట్టదు. నీ ప్రోగ్రామ్‌లో ఎన్ని తప్పులున్నా ఈ సంగతి తీగలే చూసుకుంటాయి. నీ డబ్బా పూర్తిగా చచ్చిపోయిన రోజున కూడా మీ నాన్న పచ్చ బటన్ నొక్కి నీళ్లు పెట్టుకోగలడు. ఓవర్‌లోడ్ రిలేను, ఒక ఫేజు పోతే మోటారును ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉంటే దాన్ని, ఎట్టి పరిస్థితిలోనూ తప్పించకు.

లో వోల్టేజ్ సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. 415 వోల్టులు 300కి పడిపోతే నీ 12 వోల్టుల వైపు ఇంకా 10 దాకా మిగులుతుంది, బక్ కన్వర్టర్‌కు అది చాలు, కంట్రోలర్ మెలకువగానే ఉంటుంది. కాంటాక్టర్ మాత్రం 85 శాతం కంటే తక్కువ వోల్టుల దగ్గర సరిగా పడుతుందన్న హామీ లేదు, గరగరలాడుతూ కాయిల్ కాలిపోతుంది. కాబట్టి ఆన్ రిలే నొక్కే ముందు కంట్రోలర్ ఒకసారి ఆ 12 వోల్టుల వైపు కొలిచి, తక్కువగా ఉంటే మోటారు వేయకుండా వోల్టేజ్ లేదని మెసేజ్ పంపాలి. రెండు రెసిస్టర్ల ఖర్చు.

దీని తర్వాత ఏం చేయాలంటావా? అందంగా ఏదీ చెయ్యొద్దు. ముతకగా మొత్తం కలుపు. కొన్న బక్ మాడ్యూల్, కంట్రోలర్ బోర్డు, సిమ్ మాడ్యూల్, రెండు రిలేలు, కాంటాక్టర్ బదులు ఒక 230 వోల్టుల బల్బు. వికారంగా ఉన్నా సరే, ఇంటి నుంచి కాల్ చేస్తే బల్బు వెలగాలి, ఇంకో కాల్‌కు ఆరాలి. వారం రోజులు వదిలెయ్, రోజుకు పదిసార్లు కాల్ చెయ్యి. ఏ భాగం మొండికేస్తుందో అప్పుడు నీకే తెలుస్తుంది. చెక్కాలనే నీ ఉబలాటం అంతా దాని మీద చూపించు. పీసీబీ ఆ తర్వాతే, అదీ డబ్బా కొన్న తర్వాతే.

నీ 7805 బోర్డును పారేయకు. హీట్ సింక్ బిగించి బల్ల మీద టెస్టింగ్ సప్లైగా ఉంచుకో, ఏళ్ల తరబడి పనికొస్తుంది.

ఈ ఆదివారం చేనుకు వెళ్లు. కీప్యాడ్ ఫోన్ పట్టుకెళ్లు, మీ ఊరి ఎలక్ట్రీషియన్‌ను వెంట తీసుకెళ్లు. స్టార్టర్ డబ్బా ఆయన చేతే తెరిపించు, నువ్వు చెప్పులేసుకుని పొడి నేల మీద నిలబడి చూడు. లోపలికి వచ్చే తీగలు లెక్కపెట్టు, కాంటాక్టర్ కాయిల్ మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో ఫొటో తీసుకో. నాలుగో తీగ కనిపించి, అది న్యూట్రలేనని ఆయన కొలిచి చెబితే, కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలని నేను రాసింది కొట్టేసుకో. కాయిల్ మీద 415 అని ఉంటే మాత్రం దాన్ని 230కి మార్చడం తప్పదు. మిగతాదంతా అలాగే ఉంటుంది.